రెండు కత్తెరలు

"ఆ మాట నా నోటితో అనను" అన్నాడు డ్రైవరు.

పొద్దుట్నించి ఆయన పెదవి విప్పడం అదే మొదలు. అదీ లాయరుతో. కొడుకు ఎదురుగానే ఉన్నాడు, మంచం మీద కాలు చాపుకుని, మోకాలి కింద ఎముకలోకి దించిన కడ్డీలతో. మాట తగలాల్సింది కొడుక్కి. చూపు మాత్రం లాయరు మీద పెట్టి అన్నాడు.

లాయరు కుట్టుమిషను ముందున్న స్టూలు మీద కూర్చున్నాడు. డ్రైవరు భార్య పోయాక దాని మీద ఎవరూ కూర్చోలేదు. ఆ సంగతి లాయరుకి తెలియదు, చెప్పేవాళ్లూ లేరు. కుదురులేని మనిషి, కాలితో మిషను పలకని ఆడిస్తున్నాడు. అది కిర్రుమన్నప్పుడల్లా డ్రైవరు దవడ బిగుసుకుంటోంది.

"అనొద్దండీ. మీ అబ్బాయి ఒళ్లు తెలియకుండా నడిపాడని చెప్పమన్నది మీ అమ్మాయి. నేను కాదు. అలా చెబితే కారు ఇన్సూరెన్సువాళ్లు ఎంతో కొంత ఇస్తారు, మీ అబ్బాయి మీద కేసు గట్టిపడుతుంది. నేను చెప్పమంటున్నది వేరు. తుమ్ముల మాత్ర వేసుకున్నాడు. ఆ మాత్ర వల్ల స్టీరింగు మీదే నిద్ర ముంచుకొచ్చింది. తప్పు మాత్ర తయారుచేసినవాడిది."

"రెండూ ఒకటే. నిద్రపోయాడు. చంపాడు."

కోడలు వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో టీ గ్లాసులున్న పళ్లెం. ముందుకి రావాలో వెనక్కి పోవాలో తేలక అక్కడే ఆగిపోయింది. కొడుకు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వాడు బోర్డులు రాసేవాడు. ఎదురింటి మేడ మీద పెయింటు వెలిసిన తన బోర్డు తనకే కనపడుతూ ఉంటుంది. నిచ్చెన ఎక్కే కాలు కాదిక అది.

ఆస్పత్రి నుంచి వాణ్ణి ఇంటికి తెచ్చిన రోజు నుంచి తండ్రి వాడితో మాట్లాడలేదు. చెప్పాల్సిందేదైనా ఉంటే కోడలికి చెబుతాడు. 'వాణ్ణి ఆ ఫ్యాను తగ్గించమను' అంటాడు, వాడు చేతికందే దూరంలో ఉండగానే. కోడలు మళ్లీ ఆ మాట వాడికి చెప్పాలి. చెప్పకపోతే ఫ్యాను అలాగే తిరుగుతూ ఉంటుంది.

"మా నాన్నగారు రోజూ మీ బస్సే ఎక్కేవారండీ" అన్నాడు లాయరు, గాలి కాస్త తేలిక చేద్దామని. "మీరు నడిపితే ముందు సీట్లో కూడా కునుకు తీయొచ్చు అనేవారు."

"టికెట్టు కొనేవారా?"

"అది కండక్టర్ని అడగాలండీ."

కొడుకు పెదవి కొస కదిలింది. తండ్రి చూశాడు. ఆ నవ్వు కూడా ఆయనకి ఒక నేరంలాగే కనిపించింది.

"చూడండి లాయరుగారూ. నాకూ తుమ్ములొచ్చాయి. జ్వరాలొచ్చాయి. కళ్లు మూతలు పడ్డాయి. బస్సు పక్కకి తీసి ఆపేశాను. వెనకున్నవాళ్లు నా తాతముత్తాతల్ని తిట్టారు. బతికుండి తిట్టారు." ఆయన గొంతు పెంచలేదు. "ఆ రోడ్డు నేను వెళ్లి చూశాను. చెట్టు దాకా టైరు గీత లేదు. చివరి క్షణంలోనైనా బ్రేకు మీద కాలు పడలేదు. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని నిద్రపోయినవాడికి మాత్ర ఒక సాకు. రేపు కోర్టులో ఆ సాకుకి నేను సాక్ష్యం చెప్పాలా?"

"సాకు కాదండీ. ఆ అట్టపెట్టె మీద ఏం రాసుందో చూశారా? 'నిద్ర రాదు, పనికి అడ్డం కాదు' అని ఇంత లావు అక్షరాలు. నా దగ్గర ఎంతమంది ఉన్నారో తెలుసా? ఒకాయన క్రేను మీద నిద్రపోయాడు. ఒకావిడ పొయ్యి ముందు. ఒక పిల్ల పరీక్ష హాల్లో పడుకుంది. ఆ పిల్లకి ఎముకలేం విరగలేదు కాబట్టి మన కేసుకి పనికిరాదనుకోండి."

తను అన్న మాటలో కుళ్లు లాయరుకి వినపడలేదు. డ్రైవరుకి వినపడింది.

"కంపెనీ తరఫువాళ్లు ఒక్క మెలిక పెట్టారు" అని లాయరు అసలు సంగతికి వచ్చాడు. "మీ ఇంట్లో నిద్రమాత్రలు కూడా ఉన్నాయి. మీ ఆవిడ వాడేవారు, డాక్టరు రాసిచ్చిందే. అబ్బాయి వేసుకున్నది మా మాత్రే అని గ్యారంటీ ఏమిటి, ఇంట్లో ఉన్న నిద్రమాత్ర మింగి మా మీద పడ్డాడేమో అంటున్నారు. ఆస్పత్రిలో రక్తం తీసినవాళ్లు తాగాడా లేదా అన్నదొక్కటే చూశారు. పోలీసులు మొన్న ఇచ్చిన మీ ఆవిడ సామాన్లలో ఈ రేకు ముక్క ఉంది. సీటు సందులో దొరికిందట. మాత్ర తీసేసిన డొల్ల. దీని మీద ఒక్క అక్షరం లేదు. ఇది దేనిదని చెప్పను?"

చిన్న వెండి రంగు ముక్క. గోరంత. లాయరు దాన్ని అరచేతిలో పెట్టుకుని అందరికీ చూపించాడు.

కోడలు పళ్లెం కింద పెట్టేసింది.

"అది తుమ్ముల మాత్రదే" అంది.

"ఎలా చెప్తావమ్మా?"

"అంచు చూడండి."

లాయరుకి అర్థం కాలేదు. కోడలు మిషను పక్కనున్న అలమర తీసి గుండీల డబ్బా బయటికి తెచ్చింది. అరలు అరలుగా ఉండే ప్లాస్టిక్ డబ్బా. తెల్ల గుండీలు ఒక అరలో, నల్లవి ఒక అరలో, హుక్కులు ఒక అరలో. మూలనున్న అరలో మందులు. ఒక్కో మాత్రా విడివిడిగా కత్తిరించి పోసి ఉన్నాయి.

"అత్తయ్యకి దగ్గరి చూపు పోయిందండీ. సూదిలోకి దారం నేనే ఎక్కించేదాన్ని. కుట్టు మాత్రం చేత్తో తడుముకుని కుట్టేసేది, కళ్లున్నవాళ్లు కూడా అలా కుట్టలేరు. మాత్రలు రెండూ తెల్లవే, రెండూ చిన్నవే. రేకు కూడా ఒకేలా మెరుస్తుంది. అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టుకుంది. నిద్రమాత్రలు జిగ్‌జాగ్ కత్తెరతో కత్తిరించేది. గుడ్డ అంచులు పీచు లేవకుండా కోస్తారే, ఆ పళ్ల కత్తెర. తుమ్ములవి మామూలు కత్తెరతో. వేలితో తడిమితే తెలిసిపోతుంది. చీకట్లో కూడా."

డబ్బాలోంచి పైనున్నవి ఒక్కొక్కటి తీసి లాయరు చేతిలో పెట్టింది. ఒకదాని చుట్టూ రంపం పళ్లలాంటి అంచు. రెండోది నున్నగా ఉంది. లాయరు బొటనవేలితో రెండింటినీ మార్చి మార్చి రుద్దాడు. బొమ్మ దొరికిన పిల్లాడిలా మొహం వెలిగిపోయింది.

"ఈ పద్ధతి ఇంట్లో అందరికీ తెలుసా?"

"ఈ ఇంట్లో ఉండేవాళ్లందరికీ తెలుసు. మావయ్యకి తెలియదేమో అడగండి."

డ్రైవరుకి తెలుసు. నిద్రపట్టని రాత్రుల్లో ఆవిడ లేచి డబ్బాలో వేళ్లు పెట్టి వెతుకుతుంటే గుండీలు గలగలమనేవి. 'లైటు వేసుకోవే' అనేవాడు. 'వేళ్లకి లైటెందుకు' అనేది.

లాయరు రేకు ముక్కని ఆయన చేతిలో పెట్టాడు. "మీరే చూడండి."

ఆయన వేలు అంచు మీద నడిచింది. నాలుగు పక్కలా నున్నగా ఉంది.

"కోడలు చెబితే మొగుడి కోసం అంటారు" అన్నాడు లాయరు. "అబ్బాయి చెబితే తన కోసం అంటారు. మీరు కొడుకు ముఖం చూడరని వీధంతటికీ తెలుసు. అలాంటి మనిషి వచ్చి చెబితే దానికుండే బరువే వేరు. మీ కోపం మనకి పనికొస్తుందండీ."

తన కోపం ఎవడికో పనికొచ్చే వస్తువైందని వినడం డ్రైవరుకి చేదుగా ఉంది. కానీ వేలు ఇంకా ఆ అంచు మీదే ఉంది. ఆవిడ కత్తెర ఏ రోజూ తప్పలేదు. ఒక్క గుడ్డ పాడుచేసిందని ఒక్క మనిషి వచ్చి అడిగింది లేదు. ఆవిడ నున్నగా కోసిందంటే అది తుమ్ముల మాత్రే. అంటే వీడు...

ఆయన తల తిప్పి కొడుకు వైపు చూశాడు.

"ఎవరిచ్చారు?"

ఇన్నాళ్లకి నేరుగా వాడితో అన్న మొదటి మాట అది.

కొడుకు గొంతు సరిచేసుకున్నాడు. "అమ్మే. తుమ్ములు ఆగట్లేదు నాకు. కారు ఆపమంది. కళ్లాస్పత్రి మూసేస్తారు, నీకు అద్దాలు ఇవాళైనా రాయించాలి అన్నాను. సరేలే అయితే, ఒకటి వేసుకో అంది. చేతిసంచిలో వేళ్లు పెట్టి, చూడకుండానే తీసి ఇచ్చింది."

"తడిమే ఇచ్చిందా?"

"తడిమింది. నేనూ తడిమాను. నున్నగా ఉంటేనే నోట్లో వేసుకున్నా నాన్నా."

లాయరు కాలు ఆడించడం మానేశాడు.

డ్రైవరు కొడుకుని క్షమించానని అనలేదు. అలాంటి మాటలు ఆయన నోటికి అలవాటు లేవు. కింద పెట్టిన పళ్లెంలోంచి టీ గ్లాసు ఒకటి తీసి, కాస్త వంగి, మంచం పక్కనున్న బల్ల మీద పెట్టాడు. కొడుక్కి అందేలా. ఇంకోటి తను తీసుకున్నాడు.

"రేపు ఎన్నింటికి రావాలి?" అని లాయర్ని అడిగాడు.

కోడలు వంటగదిలోకి వెళ్లిపోయింది. కుళాయి ధారగా తిప్పిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు కింద ఇంకేదో చప్పుడు దాస్తోంది.

లాయరు లేచాడు. "డబ్బా ఎవరూ ముట్టుకోకండి. కాసేపట్లో మా మనిషిని పంపిస్తాను. మీ ముందే సీలు వేసి పట్టుకెళ్తాడు. మాత్రలన్నీ పరీక్షకి పంపిస్తాం. పళ్ల అంచువి నిద్రమాత్రలని, నున్న అంచువి తుమ్ముల మాత్రలని అక్కడివాళ్లు తేల్చేశారంటే, ఇక కంపెనీవాడు ఏ పుట్టలో దూరతాడో చూస్తాను."

గుమ్మం దగ్గర పెద్దమ్మాయి ఎదురొచ్చింది. డ్రైవరు కూతురు. రెండు వీధుల అవతల మొగుడితో కలిసి జిరాక్సు షాపు నడుపుతుంది. షాపు వదిలి ఆదరాబాదరా వచ్చినట్టుంది, వేళ్లకి నల్లపొడి అంటుకునే ఉంది. లాయరు నవ్వుతూ దణ్ణం పెట్టి దాటిపోయాడు.

"ఏంటి నాన్నా, ఆయన పళ్లన్నీ బయటపెట్టుకుని పోతున్నాడు? ఒప్పుకున్నావా ఏంటి?"

తండ్రి చేతిలోని గ్లాసులోకి చూశాడు.

"ఒప్పుకున్నావ్. నీ ముఖం చూస్తేనే తెలుస్తోంది." ఆమె లోపలికి వచ్చి బల్ల మీదున్న టీ గ్లాసు చూసింది, తమ్ముణ్ణి చూసింది. ఆ రెండింటి మధ్యా ఏం జరిగిందో ఆమెకి వేరే చెప్పనక్కర్లేకపోయింది. "బాగుంది. తండ్రీకొడుకులు ఒకటైపోయారు. మధ్యలో పోయింది మా అమ్మేగా."

"అక్కా, కూర్చో" అన్నాడు కొడుకు.

"నీతో నాకు మాటల్లేవురా. నాన్నతో మాట్లాడుతున్నా. నాన్నా, అమ్మని ఏది చంపింది? మాత్రా? స్టీరింగు మాత్ర చేతిలో ఉందా, వీడి చేతిలో ఉందా? ఆ కారు వద్దురా అని నువ్వే కదా మొత్తుకున్నావు. బోర్డులు రాసుకునేవాడికి కారెందుకురా అన్నావు. అమ్మని ఊరేగిస్తానన్నాడు. ఊరేగించాడు."

"వదినా" అంటూ కోడలు చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. "ఆయన కాలు చూసైనా కాస్త నెమ్మదిగా మాట్లాడండి."

"కాలుంది కదమ్మా! కడ్డీలతోనో కట్టెలతోనో ఉంది. మా అమ్మకి ఏముంది?"

"పెద్దమ్మాయ్" అన్నాడు డ్రైవరు. "ఊరుకో. మాత్ర వల్లే. నాకు రుజువు దొరికింది."

"ఎవరిచ్చారు నీకు రుజువు? తన మొగుణ్ణి కాపాడుకోడానికి ఈవిడ నాలుగు కథలు చెప్పుంటుంది. నువ్వు నమ్మేశావు. ముప్పయ్యేళ్లు బస్సు నడిపినవాడివి, నీకు మాత్రలతో పనేంటి నాన్నా? టైరు గీత లేదని నాకు చెప్పింది నువ్వేగా! ఇన్సూరెన్సు కాగితాల మీద అదే రాయించింది నువ్వేగా!"

"కథలు చెప్పడం నాకు రాదు వదినా." కోడలి గొంతు సన్నగా ఉంది గానీ తెగేలా లేదు. "అత్తయ్య బతికున్నప్పుడు మీరొచ్చిందే బట్టలు కుట్టించుకోడానికి. కుట్టు కూలి ఎప్పుడైనా ఇచ్చారా? ఇప్పుడు ఆవిడ పేరు చెప్పి ఇంత అరుస్తున్నారు."

అది ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పెద్దమ్మాయి ముఖం కందిపోయింది.

"నేను రాలేదా? నేను రాలేదా నాన్నా? ఏమ్మా మరదలా, ఆ ఆఖరి వారం నువ్వెక్కడున్నావు? మీ పుట్టింట్లో కాళ్లు చాపుకుని కూర్చున్నావు. అమ్మ బొటనవేల్లో మిషను సూది దిగబడిపోయి, చెయ్యి ఇంత లావున వాచిపోతే చూసిందెవరు? షాపు మూసుకుని వచ్చి ఇక్కడే పడున్నా. తల దువ్వాను. స్నానం చేయించాను. ముద్దలు కలిపి నోట్లో పెట్టాను. కత్తెర పట్టుకోలేక ఆవిడ ఏడుస్తుంటే, మందులు నేనే కొనుక్కొచ్చి, ఆవిడ నిద్రపోయాక ఒక్కొక్కటీ కత్తిరించి, ఆ డబ్బాలో సర్ది పెట్టాను. కాసిని ఆవిడ చేతిసంచిలో వేశాను. నన్నడుగుతోంది, ఎప్పుడొచ్చావని!"

కోడలి చూపు గుండీల డబ్బా మీద పడింది.

ఆమె నెమ్మదిగా తిరిగి మామగారి వైపు చూసింది.

డ్రైవరు చేతిలో గ్లాసు ఉంది. అందులో టీ చల్లారిపోయింది. ఆ వాపు ఆయనకి గుర్తుంది. బొటనవేలికి కట్టిన గుడ్డ గుర్తుంది. ఆ వేలితో పక్క దుప్పటి కూడా మడవలేక తిట్టుకున్న తిట్లు గుర్తున్నాయి. ఆ చెయ్యి కత్తెర ఎలా పట్టుకుందని మాత్రం ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా తనని తాను అడగలేదు. కొడుకుని అసహ్యించుకోవడంతోనే రోజు సరిపోయేది.

కూతురికి పెళ్లయి వెళ్లిపోయిన చాలాకాలానికి ఆవిడ కళ్లు మసకబారాయి. ఆ తరవాతే ఈ రెండు కత్తెరల పద్ధతి. వచ్చి పోయే కూతురికి దాని గురించి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని ఎవరికీ తోచలేదు.

ఆయన కొడుకు ముఖంలోకి చూశాడు.

ఆ ముఖంలో ఆశ్చర్యం లేదు.

అది చూశాకే డ్రైవరుకి అర్థమైంది. వీడికి తెలుసు. ఎప్పుడు తెలిసిందో, ఆస్పత్రి మంచం మీద వెల్లకిలా పడుకుని ఆలోచించుకున్నాడో, డబ్బా తీసి చూసుకున్నాడో. అక్క నోటెంట ఇన్ని తిట్లు తింటూ, తండ్రి మౌనం తింటూ, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. అక్కని కాపాడుతున్నాడా? కేసుని కాపాడుకుంటున్నాడా? ఆయనకి తేలలేదు. ఇందాక క్షమించబోయిన మనసు మళ్లీ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"ఏంటి అందరూ అలా చూస్తున్నారు?" అంది పెద్దమ్మాయి. "నేను అబద్ధం చెప్పానా?"

"లేదమ్మా" అన్నాడు తండ్రి.

"మరి?"

"మాత్రలు. ఏ కత్తెరతో కత్తిరించావు?"

"నాన్నా" అన్నాడు కొడుకు. చిన్న గొంతుతోనే. "వద్దు."

"ఏంటి వద్దు? నన్నడుగుతుంటే మధ్యలో నువ్వెవడివి?" ఆమె తమ్ముడి మీద చూపు విసిరి తండ్రి వైపు తిరిగింది. "మిషను మీద ఏది ఉంటే దాంతో. మామూలు కత్తెరే. ఏ కత్తెరైతే ఏంటి నాన్నా?"

డ్రైవరు లేచి గుండీల డబ్బా ముందుకి లాక్కున్నాడు. జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. కోడలి వైపు చూడలేదు. పళ్ల అంచున్న ముక్క ఒకటి తీసి వెనక్కి తిప్పాడు. రేకు మీద తెగిపోగా మిగిలిన రెండు అక్షరాలు. దాన్ని బల్ల మీద పెట్టాడు. నున్న అంచున్న ముక్క ఒకటి తీశాడు. వేరే అక్షరాలు. ఇంకోటి తీశాడు. వేరే అక్షరాలే.

నాలుగోది తీశాడు.

నున్న అంచు. మీద మాత్రం ఆ మొదటి రెండు అక్షరాలే. నిద్రమాత్ర.

ఆ తరవాత తీసిందీ అదే. అరలో అడుగు దాకా కలిసిపోయి ఉన్నాయవి, తెల్ల గుండీల్లో తెల్ల గుండీల్లా.

పెళ్లాం కత్తెర మీదున్న నమ్మకంతో ఆయన రేపు కోర్టులో చేతులు కట్టుకుని నిలబడాలి. నున్నగా ఉంటే తుమ్ముల మాత్రే అని చెప్పాలి. ఈ డబ్బా పరీక్షకి వెళ్లిందంటే ఆ మాట ఎవడూ నమ్మడు. లాయరు వెంటనే ఇంకో ప్రశ్న అడుగుతాడు. కత్తిరించింది ఎవరు? ఆ ప్రశ్నకి జవాబు ఎదురుగా, నడుం మీద చేతులు పెట్టుకుని, కోపంతో రొప్పుతూ నిలబడి ఉంది. అమ్మ దగ్గర ఆఖరి వారం తనే ఉన్నానన్న ఒక్క తృప్తి తప్ప ఆ పిల్లకి ఏమీ మిగల్లేదు.

"చెప్పవేం నాన్నా?"

వీధి తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది.

"డ్రైవరుగారూ! లాయరుగారు పంపారండీ. డబ్బా ఏదో సీలు వెయ్యాలన్నారు."

కోడలు మామగారి వైపు చూసింది. కొడుకు మంచం మీద మోచేతులు ఆనించి లేవబోయి, కడ్డీలు లాగడంతో పళ్లు బిగించి మళ్లీ వాలిపోయాడు.

"కూర్చోమను అమ్మాయ్" అన్నాడు డ్రైవరు, కోడలితో. "బయట వరండాలో. మంచినీళ్లు ఇవ్వు. ఇప్పుడే వస్తానని చెప్పు."

కోడలు కదల్లేదు. "మావయ్యా..."

"చెప్పమన్నానా!"

ఆమె వెళ్లింది. తలుపు దగ్గరగా వేసిన చప్పుడు వినిపించింది.

డ్రైవరు నున్న అంచు ముక్కల్ని ఒక్కొక్కటీ తిప్పి చూస్తూ రెండు కుప్పలుగా పెట్టడం మొదలుపెట్టాడు. చేతులు వణకడం లేదు. స్టీరింగు మీద ఎన్నడూ వణకని చేతులే అవి. ఎర్ర లైటు ఒక్కటి కూడా దాటని మనిషి, ఒక్క అబద్ధం చెప్పని మనిషి, చెప్పినవాడి గడప తొక్కని మనిషి.

"నాన్నా, నువ్వా?" అన్నాడు కొడుకు. వాడి గొంతులో ఉన్నది వేడుకోలో అసహ్యమో ఆయనకి తెలియలేదు.

"నువ్వు మాట్లాడకు. ఇన్నాళ్లూ ఈ సంగతి చెప్పలేదుగా."

తుమ్ముల మాత్రల కుప్ప పెద్దది, నిద్రమాత్రల కుప్ప చిన్నది. చిన్న కుప్పని ఆయన అరచేత్తో దగ్గరికి లాక్కున్నాడు. తల ఎత్తకుండా, ఎవరి పేరూ పిలవకుండా అన్నాడు.

"ఆ మిషను సొరుగులో జిగ్‌జాగ్ కత్తెర ఉంటుంది. ఇలా ఇవ్వండి."

కొడుకు ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

పెద్దమ్మాయి విసుగ్గా నిట్టూర్చింది. సొరుగు లాగి, దారపు ఉండల కింద చెయ్యి పెట్టి వెతికి, కత్తెర పైకి తీసింది. కొంగుతో దుమ్ము తుడిచింది. వేళ్ల మీదున్న జిరాక్సు పొడి పిడికి అంటింది.

"ఇదిగో" అని తండ్రి చేతిలో పెట్టింది. "బయట మనిషిని కూర్చోబెట్టి ఇప్పుడు దీంతో ఏం పని నాన్నా?"